ర్యాంపు కట్టారు, ఎక్కి చూడలేదు

సంపాదకుడు గారికి,
నమస్కారం.

మా అమ్మ మూడేళ్లుగా చక్రాల కుర్చీలోనే తిరుగుతోంది. పోయిన నెల ఒక సంతకం కోసం ఆమెను ఓ ఆఫీసుకి తీసుకెళ్లాల్సి వచ్చింది. కొత్త భవనం. మెట్ల పక్కనే ర్యాంపు, దానికి స్టీలు రెయిలింగు, నీలం బోర్డు అన్నీ ఉన్నాయి. తోసుకుంటూ పైకి వెళ్లాక తెలిసింది, ర్యాంపు ఎక్కడ అయిపోతుందో సరిగ్గా అక్కడే తలుపు ఉందని. అదీ మన వైపుకి తెరుచుకునే తలుపు. కుర్చీ నిలపడానికి జానెడు చదును కూడా లేదు. చెయ్యి వదిలితే కుర్చీ వెనక్కి జారుతుంది, వదలకపోతే తలుపు తియ్యలేను. కుర్చీకి నడుం ఆనించి ఒక చేత్తో తలుపు లాగుతుంటే అమ్మ కళ్లు గట్టిగా మూసుకుంది. ఇంతలో లోపలి నుంచి ఎవరో తోసిన తలుపు వచ్చి ఆమె పాదాలు పెట్టుకునే పలకకు తగిలింది.

నేను పదిహేనేళ్లుగా వస్తువుల డిజైన్ పనిలో ఉన్నాను. కాబట్టి కట్టినవాళ్లను నాలుగు మాటలని ఊరుకోలేకపోతున్నాను. వాళ్లకు అప్పగించిన పని ‘ర్యాంపు కట్టాలి’ అని. కట్టారు. తప్పు ఆ కాగితంలోనే ఉంది. ‘చక్రాల కుర్చీలో వచ్చిన మనిషి ఎవరి సాయమూ అడగకుండా గేటు నుంచి కౌంటరు దాకా వెళ్లి, సంతకం పెట్టి, తిరిగి గేటు దాకా రావాలి’ అని రాసి ఉంటే మిగతా ప్రశ్నలు వాటంతటవే వచ్చేవి. తలుపు ఎటు తెరుచుకోవాలి? గడప ఎంత ఎత్తుండాలి? కుర్చీలో కూర్చున్న మనిషికి కౌంటరు అందుతుందా? దిగేటప్పుడు కుర్చీని ఆపుకోగలరా?

కొలతలు తెలియక కాదు. 1 సెంటీమీటరు ఎత్తుకి కనీసం 12 సెంటీమీటర్ల పొడవు ఉండాలన్నది చాలా దేశాల్లో వాడుకలో ఉన్న లెక్క. అంటే 60 సెంటీమీటర్ల ఎత్తు ఎక్కాలంటే 7 మీటర్ల 20 సెంటీమీటర్ల ర్యాంపు కావాలి. పైన కుర్చీ తిప్పుకోవడానికి సుమారు 1.5 మీటర్ల చదును కావాలి. ఇవన్నీ పుస్తకాల్లో ఉన్నవే. అయితే కొలతలన్నీ సరిగ్గా ఉన్నా, మనిషిని ఎక్కించి చూస్తే తప్ప బయటపడని చిక్కులు కొన్ని ఉంటాయి.

అలా చూడటానికి కాంక్రీటు పొయ్యనక్కర్లేదు. నేల మీద సుద్దముక్కతో గీసి, వాలుకి ప్లైవుడ్ పలకలు వేసి, తలుపు బదులు ఒక పెద్ద అట్ట పట్టుకుంటే చాలు. ఒక పూట పని. చక్రాల కుర్చీ వాడేవాళ్లను, చంకకర్రలతో నడిచేవాళ్లను, చూపు లేనివాళ్లను పిలవాలి. ‘ఎలా ఉంది?’ అని అడగకూడదు. అడిగితే మొహమాటానికి ‘బాగుంది’ అనేస్తారు. ‘లోపలికి వెళ్లి ఈ కాగితం ఇచ్చి రండి’ అని చెప్పి మనం నోరు మూసుకోవాలి. చెయ్యి దేన్ని వెతుక్కుంటోంది, ఎక్కడ ఆగారు, ఎక్కడ ఊపిరి బిగబట్టారు, అవి రాసుకోవాలి. పక్కన నిలబడి ‘అక్కడ పట్టుకోండి’ అన్నామంటే ఆ పరీక్ష చెడినట్టే. కంప్యూటర్ తెరల డిజైన్ మీద 1993లో నీల్సన్, లాండావర్ అనే ఇద్దరు పరిశోధకులు వేసిన లెక్క ప్రకారం ఐదుగురితో వాడించి చూస్తేనే దాదాపు 85 శాతం చిక్కులు బయటపడతాయి. ర్యాంపుకి అదే లెక్క అనను. కానీ కొద్దిమందితో చూసినా ఎంత తెలుస్తుందో నా పనిలో రోజూ చూస్తున్నాను. దిద్దాక మళ్లీ వాళ్లతోనే ఎక్కించి చూడాలి. ఎక్కువమంది వదిలేసేది ఈ రెండోసారినే. ఒక చిక్కు విప్పబోయి ఇంకోటి వెయ్యడం మాకు కొత్తేమీ కాదు.

‘డ్రాయింగులు అందరికీ చూపించాం, అందరూ ఒప్పుకున్నారు’ అంటారు. చూడటం వేరు, వాడటం వేరు. 2000లో అమెరికా అధ్యక్ష ఎన్నికకు ఫ్లోరిడాలోని పామ్ బీచ్ కౌంటీలో బ్యాలెట్ తయారుచేసినప్పుడు, పెద్దవాళ్లకు కనిపించాలని అక్షరాలు పెద్దవి చేశారు. దాంతో పేర్లు రెండు పేజీల మీదికి వెళ్లాయి, ఓటు వెయ్యడానికి గుచ్చాల్సిన రంధ్రాలు మాత్రం మధ్యలో ఒకే వరుసగా ఉండిపోయాయి. నమూనా ముందే బయటికి ఇచ్చారు, పార్టీలవాళ్లూ చూశారు. పోలింగు రోజు ఏ పేరుకి ఏ రంధ్రమో తెలియక జనం తికమకపడ్డారు. ఆ ఒక్క కౌంటీలోనే ఒకటికి మించి రంధ్రాలు పడి 19 వేలకు పైగా ఓట్లు చెల్లకుండా పోయాయి. రాష్ట్రం మొత్తం మీద గెలుపు తేడా 537 ఓట్లు. పెద్దవాళ్ల మీద శ్రద్ధతో చేసిన మార్పే వాళ్లను దెబ్బతీసింది. పదిమంది పెద్దవాళ్లతో ఆ కాగితం మీద గుచ్చించి చూసి ఉంటే అక్కడే తెలిసిపోయేది.

అందుకని అధికారులకు మీ పత్రిక ద్వారా నా విన్నపం ఇది. ర్యాంపయినా, దరఖాస్తు ఫారమయినా, టికెట్ యంత్రమయినా, జనం వాడే ప్రతిదాని టెండరులోనూ దాన్ని వాడాల్సినవాళ్లతో రెండుసార్లు వాడించి చూడాలన్న షరతు పెట్టండి. దానికి సమయం, డబ్బు విడిగా కేటాయించండి. వచ్చినవాళ్లకు వాళ్ల పూటకు కూలీ కట్టివ్వండి. వాళ్లు ఎక్కడ ఇబ్బందిపడ్డారో, దాన్ని ఎలా సరిచేశారో రాసిన కాగితం చేతికి రాకుండా ఆఖరి బిల్లు చెల్లించకండి.

వచ్చే నెల అమ్మను మళ్లీ అదే ఆఫీసుకి తీసుకెళ్లాలి. అక్కడివాళ్లు సరేనంటే గంట ముందే వస్తాం. సుద్దముక్క, టేపు, అట్టలు నేనే తెచ్చుకుంటాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు