“ఇంట్లోనే ఉంటాను” అన్నచోట ఆగు

బరంపురం

అమ్మడూ,

ఆడవాళ్ళ జీతం లేని ఇంటిపనిని లెక్కగట్టడానికి నువ్వు రాసి పంపిన ప్రశ్నల కాగితం చదివాను. మొదటి ప్రశ్నే మార్చు. “మీరేం పని చేస్తారు?” అంటే మన గంజాం పల్లెల్లో ఏ ఇల్లాలైనా “ఏం లేదమ్మా, ఇంట్లోనే ఉంటాను” అంటుంది. నీ కాగితంలో సున్నా పడుతుంది. “నిన్న ఎన్నింటికి లేచారు, లేచి ఏం చేశారు?” అని అడుగు. తెల్లవారుజాము 4 నుంచి మర్నాడు 4 దాకా అరగంటకో గడి గియ్యి. 2019 దేశవ్యాప్త సమయ వినియోగ సర్వే పద్ధతీ అదే. ఒక్కో గడిలో మూడు పనులకు చోటుంచు. పొయ్యి మీద అన్నం, చంకలో పిల్ల, మంచంలోంచి మందుకి పిలిచే అత్త, ఈ మూడూ ఒకే అరగంటలో ఉంటాయి. వంట అని రాసి ఊరుకుంటే మిగతావి పోతాయి. ముసలివాళ్ళను కనిపెట్టుకుని ఉండడం మరీ జారిపోతుంది, చేతులు కదలవు గనక.

ఆ సర్వేలో ఇంటిపనికి ఆడవాళ్ళకి రోజుకు 299 నిమిషాలు, మగవాళ్ళకి 97 వచ్చాయి. అది చేసినవాళ్ళ సగటు మాత్రమే. మగవాళ్ళలో అసలు చేసింది నూటికి 26 మందే. ఆ ముక్క రాయకపోతే మగవాళ్ళంతా గంటన్నర చేస్తున్నట్టుంటుంది.

ఇక సిద్ధాంతం. సూరత్‌లో పవర్‌లూమ్ (మరమగ్గాల) యజమాని మన గంజాం నుంచి వలసపోయిన కుర్రాడికి 12 గంటల పనికి కూలి ఇస్తాడు. ఆ కుర్రాణ్ణి కని పెంచింది ఇక్కడ. అక్కడ మెస్సులో, అంటే కూలీలు కలిసి తిని పడుకునే గదిలో, పగటి షిఫ్టువాడు లేచిన చోటే రాత్రి షిఫ్టువాడు పడుకుంటాడు. జబ్బు చేసినా, మగ్గాల మోతకి చెవులు పోయినా రైలెక్కి ఊరికొస్తాడు. ఆసుపత్రీ పింఛనూ ఈ ఇంటి ఆడవాళ్ళే. ఆ ఖర్చంతా ఇటు తోసేశారు కాబట్టే కూలి అంత తక్కువలో ఆగుతోంది.

ఇంటిపని పెట్టుబడికి శ్రామికుణ్ణి తయారుచేసి ఇస్తోందని 1972లో స్త్రీవాద రచయిత్రులు మరియారోజా డల్లా కోస్టా, సెల్మా జేమ్స్ చెప్పింది ఇదే. అదే బాటలో రాసిన సిల్వియా ఫెడెరిచీని నువ్వు ఇంటిపనికి ఏదో భత్యం కోరిన మనిషిగా రాశావు, దిద్దు. 1975లో ఆమె జీతం అడిగింది, ప్రేమ పేరుతో దాచిన పనిని పనిగా ఒప్పించి, దాన్ని నిరాకరించే బలం తెచ్చుకోవడానికి. నీకు ఎక్కువ అక్కరకొచ్చేది మార్క్సిస్టు స్త్రీవాది లీజ్ వోగెల్. శ్రామికులను ఇంట్లో పెంచడమే కాక బయటి ఊళ్ళ నుంచి రప్పించుకోవడమూ పునరుత్పత్తి మార్గమేనని, అంటే పనివాళ్ళు తరగకుండా చూసుకునే దారేనని, 1983లోనే రాసింది.

కూలికి అప్పడాలు ఒత్తే ఇళ్ళలో ఇంకా జాగ్రత్త. “తీరికవేళ చేస్తాం” అంటారు. నర్సాపురం లేసు అల్లేవాళ్ళనీ అలాగే, తీరికవేళ పని అని తీసిపారేశారని సమాజశాస్త్రవేత్త మరియా మీస్ చూపించింది. ఒత్తిన వేళతోపాటు పిండి తెచ్చుకున్నదీ, ఎండలో తిప్పిందీ, తూకానికి మోసుకెళ్ళిందీ గడుల్లో వెయ్యి.

కుళాయి వచ్చే వేళ ఎవరింటికీ వెళ్ళకు. వెళ్ళాల్సివస్తే ముందు బిందె అందుకో.

మీ అమ్మ