బుడాపెస్ట్ వెళ్తున్న సత్తిబాబుకి

హైదరాబాద్,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ సత్తీ,

నీ మెసేజ్ చూశాను. పిన్ని వచ్చే నెల జర్మనీ వస్తోందనీ, నాలుగు రోజులు బుడాపెస్ట్ తీసుకెళ్తున్నావనీ, "చూడాల్సినవి లిస్టు పంపరా" అనీ రాశావు. లిస్టు పంపను. లిస్టులు ఫోన్లో బోలెడున్నాయి, అన్నిట్లోనూ అవే పది పేర్లు. ఆఫీసు పని మీద మూడు వారాలు పడున్నవాణ్ణి, శని ఆదివారాలు కాళ్ళు అరిగేలా తిరిగినవాణ్ణి. పిన్ని మోకాళ్ళు, మీ బుడ్డోడి అల్లరి, నీ పిసినారితనం మూడూ గుర్తుపెట్టుకునే రాస్తున్నా, తీరిగ్గా చదువుకో.

హంగరీ రాజధానే గానీ, అసలది ఒక్క ఊరు కాదురా. నదికి పడమటి వైపు గుట్టల మీద బుడా, తూర్పు వైపు బల్లపరుపుగా పెస్ట్, బుడాకి ఎగువన పాత బుడా. 1873లో మూడింటినీ కలిపి ఒకటి చేశారు. రాజమండ్రినీ కొవ్వూరునీ కలిపి ఒకే పేరు పెడితే ఎలా ఉంటుందో అలాగన్నమాట. మనం డాన్యూబ్ అనే నదిని వాళ్ళు దునా అంటారు. గోదారి చూసిన కళ్ళకి అదేమంత వెడల్పు కాదు. పిన్ని చూడగానే "ఇంతేనా?" అంటుంది, అననీ. సాయంత్రం దీపాలు వెలిగాక అదే ఒడ్డుకి మళ్ళీ తీసుకెళ్ళు, అప్పుడేమంటుందో విని నాకు చెప్పు.

తిరగడం వంతెన దగ్గర మొదలుపెట్టు. గొలుసుల వంతెన అని, సింహాల బొమ్మలున్నది. సేచెన్యి అనే జమీందారు 1820లో తండ్రి పోయాడని కబురొస్తే, నది దాటే వీల్లేక వారం రోజులు ఒడ్డునే ఇరుక్కుపోయాడట. ఆ కడుపుమంటతోనే వంతెన పని తలకెత్తుకున్నాడని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. నక్షా గీసిందొక క్లార్కు, దగ్గరుండి కట్టించింది ఇంకో క్లార్కు. ఇద్దరూ బ్రిటన్ వాళ్ళే, చుట్టరికం మాత్రం లేదు. వంతెన తెరిచింది 1849లో. అంటే ధవళేశ్వరంలో కాటన్ దొర ఆనకట్ట కట్టిస్తున్న రోజులే! మనం కాటన్‌ని ఎలా మనవాణ్ణి చేసుకున్నామో, వాళ్ళూ ఆ రెండో క్లార్కుని అలాగే చేసుకున్నారు. అక్కడి అమ్మాయిని పెళ్ళాడి అక్కడే ఉండిపోయాడాయన. వంతెన బుడా వైపు దిగే కూడలికి ఆయన పేరే పెట్టారు, కాకపోతే "క్లార్క్ ఆదామ్" అని తిప్పి. వాళ్ళక్కూడా ఇంటిపేరే ముందురా! ప్రపంచమంతా ఫ్రాంజ్ లిస్ట్ అనే సంగీతకారుడు వాళ్ళకి లిస్ట్ ఫెరెన్స్. ఎయిర్‌పోర్టులో దిగగానే బోర్డు మీద ఆ పేరే కనిపిస్తుంది. ఆఫీసులో నా ఇంటిపేరు ముందు రాసుకుంటే ఒక్కడూ తికమకపడలేదు. పరాయి దేశంలో ఫారాలు నింపినప్పుడల్లా నా పేరు తలకిందులయ్యేది, అక్కడొక్కచోటే తిన్నగా నిలబడింది.

వంతెనకి ఎదురుగా కొండని తొలిచి ఒక సొరంగం ఉంది, అదీ ఈ క్లార్కు పనే. వానొస్తే వంతెన తడవకుండా అందులోకి తోసేస్తారని అక్కడివాళ్ళ పాత జోకు. సింహాలకీ ఒక కథుంది. శిల్పి నాలుకలు చెక్కడం మర్చిపోయాడనీ, ఎవరో ఎగతాళి చేస్తే నదిలో దూకాడనీ. అంతా ఉత్తిదే. నాలుకలున్నాయట, పైనుంచి చూస్తేనే కనిపిస్తాయట. నేను కింద నించుని మెడ పట్టేసేదాకా చూశాను, ఏమీ కనపడలేదు.

1945లో జర్మన్ సైన్యం వెనక్కి పోతూ ఊళ్ళో ఉన్న వంతెనలన్నీ పేల్చేసింది. ఇదీ కూలింది. మళ్ళీ కట్టి 1949లో, సరిగ్గా నూరేళ్ళకి, తెరిచారు. ఇప్పుడు నువ్వు నడిచేది అదే.

ఆ యుద్ధం మాట ఎత్తాను కాబట్టి ఇది కూడా. పెస్ట్ ఒడ్డున, పార్లమెంటుకి కాస్త దిగువన, గట్టు అంచు మీద ఇనప చెప్పులుంటాయి. అరవై జతలు. 1944-45 చలికాలంలో అక్కడి ఫాసిస్టు ముఠావాళ్ళు యూదుల్ని ఆ గట్టు మీదే వరసగా నిలబెట్టి నదిలోకి కాల్చేశారు. కాల్చేముందు చెప్పులు విప్పించేవారు. చెప్పులకి విలువుంది కదా మరి. 2005లో ఈ ఇనప జతలు పెట్టారు. మడమలు అరిగిన బూట్లు, ఆడవాళ్ళ ఎత్తుమడమలవి, తాడు ఊడి పక్కకి ఒరిగినవి. ఒక పసిపిల్లాడి బూటు దగ్గర కూర్చుండిపోయాన్రా. నా అరచేతిలో పట్టేంత ఉంది. లోపల వాననీళ్ళు గడ్డకట్టి, ఆ మంచులో సగం కాలిన కొవ్వొత్తి ఇరుక్కుని ఉంది. పక్కనే ఒకాయన తన కాలు ఒక బూటు పక్కన పెట్టి ఫొటో తీయించుకుంటున్నాడు. ఏమనాలో తెలీక లేచొచ్చేశాను. బుడ్డోడికి ఏం చెప్పాలో నీ ఇష్టం. పిన్నికి మాత్రం చెప్పు.

ఆ ఒడ్డెంబడే రెండో నంబరు ట్రామ్ పోతుంది. పిన్నికి ఇదే పెద్ద వరం. నది వైపు కిటికీ దగ్గర కూర్చోబెట్టావంటే ఎదుటి ఒడ్డున కోట, కొండలు, వంతెనలు అన్నీ కూర్చున్నచోటే వచ్చేస్తాయి. పడవ షికారుకి పెట్టే డబ్బు కన్నా చాలా తక్కువ, నీకు నచ్చుతుంది. కాగితం టికెట్ కొంటే ఎక్కగానే మిషన్లో పెట్టి ముద్ర వేయించుకోవడం మర్చిపోకు. చేతిలో టికెట్ ఉన్నా ముద్ర లేకపోతే జరిమానాయే.

పార్లమెంటు లోపలికి వెళ్ళు, కానీ టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో తీసుకో. 268 మీటర్ల పొడవు, 96 మీటర్ల శిఖరం. ఆ 96 ఉత్తినే రాలేదు. వాళ్ళ పూర్వీకులు ఆ నేలకి వచ్చింది 896లో అని లెక్క. దగ్గర్లోని పెద్ద చర్చి గోపురం కూడా అంతే ఎత్తు. శిఖరం కింద గాజుపెట్టెలో వాళ్ళ పాత రాజుల కిరీటం ఉంటుంది, దాని మీద శిలువ పక్కకి వంగిపోయి. రెండో ప్రపంచయుద్ధం తర్వాత అమెరికావాళ్ళ దగ్గర ఉండిపోయి 1978లో తిరిగొచ్చింది. అక్కడ ఫొటోలు తీయనివ్వరు. నాకు మాత్రం కిరీటం కన్నా సభ బయట వరండాలో ఉన్న ఇత్తడి పట్టీలు నచ్చాయి. కిటికీల దగ్గర బారుగా చిన్న చిన్న గాడులు, ప్రతి గాడికీ ఒక నంబరు. సభ్యులు చుట్ట తాగుతూ తాగుతూ లోపల ఎవరిదో ఉపన్యాసం మొదలైందంటే, దాన్ని తన నంబరు గాడిలో పెట్టి పరిగెత్తేవారట. ఉపన్యాసం బాగుండి వింటూ ఉండిపోతే బయట చుట్ట కాలి బూడిదయ్యేది. ఆ లెక్కన మన సభల్లో ఒక్క చుట్టా బూడిదవదు.

కొండ మీది జాలరుల బురుజు అందరూ వెళ్తారు కాబట్టి నువ్వూ వెళ్తావు. తెల్లటి ఏడు బురుజులు, పెళ్ళి సెట్టింగులా ఉంటుంది. చూస్తే ఎప్పటిదో అనుకుంటాం, తీరా 1902లో పూర్తిచేసిందే. పొద్దున్నే ఎనిమిదిలోపు వెళ్ళు, తర్వాత ఇసకేస్తే రాలదు. మెట్లెక్కించకు, పదహారో నంబరు బస్సు పైదాకా పోతుంది. పక్కనే ఉన్న మాత్యాష్ చర్చి పైకప్పు రంగు పెంకులు చూసి దిగొచ్చేయ్.

మెట్రో మొదటి లైను తప్పకుండా ఎక్కించు. 1896 నాటిది, యూరప్ ప్రధాన భూభాగంలో మొదటి భూగర్భ రైలు అదే. రోడ్డు మీంచి దిగితే మేడమెట్లన్ని కూడా ఉండవు. తెల్ల పెంకుల గోడలు, ఇనప స్తంభాలు, బొమ్మరైలంత పెట్టెలు. మిగతా లైన్లలో కొన్నిచోట్ల ఎస్కలేటర్లు పాతాళానికి దిగుతాయి, పైగా మహా స్పీడు, పిన్ని చెయ్యి వదలకు.

ఆ లైను ఎక్కితే సిటీ పార్కుకి పోతుంది. అక్కడే పసుపురంగు భవనంలో సేచెన్యి స్నానశాల. అవును, మన వంతెన ఆయన పేరే. 1913 నుంచి ఉంది. భూమిలోంచి డెబ్భై డిగ్రీలు దాటి కాలే నీళ్ళొస్తాయి, చల్లార్చి తొట్లలోకి వదుల్తారు. నేను వెళ్ళిన రోజు బయట చలి సున్నా దగ్గరుంది. గుడ్డలు మార్చుకుని తలుపు తీసి పది అడుగులు వేసేసరికి పళ్ళు టకటకలాడాయి. నీళ్ళలో దిగాక ఇంక లేవబుద్ధి కాలేదు. ఆవిరిలో ఎదుటి మనిషి మొహం కనపడదు. మెడదాకా మునిగి ముసలాళ్ళు చదరంగం ఆడుతున్నారు, బల్ల కూడా నీళ్ళలోనే. గంటన్నర తర్వాత లేచాక గుర్తొచ్చింది, తువ్వాలు తీసుకెళ్ళలేదని. చొక్కాతోనే తుడుచుకుని, తడిచొక్కా సంచీలో కుక్కి, కోటు కింద ఒట్టి ఒంటితో హోటల్‌కి చేరాను. నవ్వకు. చిన్నపిల్లల విషయంలో వాళ్ళకి నియమాలున్నాయి, టికెట్ కొనేముందు కనుక్కో. పిన్ని ఎలాగూ దిగదు. పార్కులోనే కోట లోపల ముసుగేసుకున్న ఒక చరిత్రకారుడి విగ్రహం ఉంటుంది, అక్కడ కూర్చోబెట్టు. ఆయన చేతిలో కలం ముట్టుకుంటే రాత అబ్బుతుందని పిల్లలు రుద్ది రుద్ది బంగారంలా మెరిపించారు. బుడ్డోడి చేత కూడా ముట్టించు, నీ రాత ఎలాగూ వాడికొద్దు.

వాడికి అసలు పండగ పిల్లల రైలు. బుడా కొండల్లో అడవి మధ్య పదకొండు కిలోమీటర్లు పోతుంది. 1948లో కమ్యూనిస్టు సర్కారు మొదలెట్టింది. టికెట్లమ్మేది, జెండా ఊపేది, సిగ్నళ్ళు చూసేది అంతా పది నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలే. ఇంజను మాత్రం పెద్దవాళ్ళు నడుపుతారు. పెద్ద టోపీ చెవుల మీదికి జారిపోతున్న ఒక పాప నా టికెట్ అటూ ఇటూ తిప్పి చూసి, కత్తిరించి, సెల్యూట్ కొట్టింది. నవ్వలేదు. నేనూ నవ్వకుండా సెల్యూట్ కొట్టాను.

తిండికి భయపడకు. లాంగోష్ అని పెద్ద పళ్ళెమంత పూరీ, మన భటూరాకి అన్నలా ఉంటుంది. పైన వెల్లుల్లి నీళ్ళు, పుల్లటి మీగడ, చీజు తురుము. ఒకటి కొంటే ముగ్గురికి సరి. పెద్ద మార్కెట్ హాల్లో ఎండుమిరప దండలు చూసి పిన్ని గుంటూరు వచ్చామనుకుంటుంది. రంగు అదే, నాలిక మీద మాత్రం తియ్యగా ఉంటుంది. నాకో పావుకిలో ఆ కారప్పొడి తీసుకో, "ఏదేష్" (అంటే తియ్యది) అని రాసున్న సంచీ.

మర్చిపోయా, ఇంకో పని. వంతెన మీద బుడ్డోణ్ణి భుజాలమీద ఎక్కించుకుని ఆ సింహం నోట్లోకి చూడమను. నాలుక ఉందో లేదో తేల్చి రాయి.

నీ
రాంబాబు