శ్రీనుకి: మైటోకాండ్రియాలో తిరిగే చక్రం గురించి

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం అందింది. పాప కణాంగాల పేర్లన్నీ బట్టీ పట్టి పరీక్ష కాగానే మర్చిపోతోందని రాశావు. మర్చిపోక ఏం చేస్తుందిరా? "మైటోకాండ్రియా అంటే కణ శక్త్యాగారం" అని ఒక్క ముక్క రాయించి మార్కులు వేసేస్తే అందులో రుచి ఏముంటుంది? మిగతావన్నీ పక్కన పెట్టి, ముందు దీని లోపల ఏం జరుగుతుందో చెప్పు.

దానికి రెండు పొరలు. బయటిది నున్నగా ఉంటుంది, లోపలిది మడతలు మడతలుగా ఉంటుంది, అసలు పనంతా ఆ మడతల మీదే. మనం తిన్న అన్నం నుంచి వచ్చిన ఎలక్ట్రాన్లు ఆ పొరలోని ప్రోటీన్ల మీదుగా ఒకదాన్నుంచి ఇంకోదానికి మారుతూ పోయి చివరికి మనం పీల్చిన ఆక్సిజన్‌ని చేరతాయి, ఆ దారిలో విడుదలైన శక్తితో ప్రోటీన్లు ప్రోటాన్లను రెండు పొరల మధ్య సందులోకి తోసేస్తాయి. అక్కడ కిక్కిరిసిపోయిన ప్రోటాన్లు వెనక్కి రావడానికి పెద్ద దారి ఏటీపీ సింథేస్ అనే ఎంజైమే; కణం తన పనులకి ఖర్చుపెట్టే శక్తి అణువు ఏటీపీని తయారుచేసేది ఇదే. శ్రీశైలం నీళ్లు టర్బైన్‌ని తిప్పినట్టు ఇవి దాని ఇరుసుని తిప్పుతాయి. అక్షరాలా గిర్రున తిరుగుతుందిరా! 1997లో జపాన్‌లో దాని ఇరుసుకి మెరిసే ప్రోటీన్ పోగు ఒకటి అంటించి, ఏటీపీ ఇచ్చి యంత్రాన్ని వెనక్కి నడిపించి, ఆ పోగు తిరగడం మైక్రోస్కోప్‌లో చూశారు. ఒక్క చుట్టుకి మూడు ఏటీపీలు తయారవుతాయి. ఈ ప్రోటాన్ల సంగతి 1961లో పీటర్ మిచెల్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త చెబితే చాలామంది కొట్టిపారేశారు, 1978లో ఆయనకే నోబెల్ ఇచ్చారు.

ఇంకోటి, ఆ ఏటీపీని కనిపెట్టిన వాళ్లలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఉన్నారు. 1929లో హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి కండరాల్లో పట్టుకున్నారు, అదే ఏడాది జర్మనీలో లోమన్ విడిగా కనిపెట్టాడు. పాపకి ఈ పేరు తప్పకుండా చెప్పు.

మైటోకాండ్రియాకి సొంత డీఎన్ఏ కూడా ఉంది, మనుషుల్లో 37 జన్యువులు. ఎప్పుడో బయట బతికిన బ్యాక్టీరియా ఇంకో కణంలో కాపురం పెట్టేసిందన్నమాట. ఆ డీఎన్ఏ తల్లి నుంచే వస్తుంది కాబట్టి పాప విషయంలో నీ వాటా సున్నా, ఈ మాట చెల్లెమ్మకి చెప్పు, మహా సంతోషిస్తుంది. ఎర్ర రక్తకణాల్లో మాత్రం మైటోకాండ్రియా అసలుండవు, అందుకే మోసే ఆక్సిజన్‌ని దారిలో అవే వాడేసుకోవు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు మైక్రోస్కోప్ తెస్తాను, మైటోకాండ్రియాకి పట్టే జానస్ గ్రీన్ రంగు కూడా. నువ్వు ఉల్లిపాయలు కొనిపెట్టు చాలు.

నీ
రవి