2024–25 వార్షిక నివేదిక: పదో తరగతి తర్వాత మన పిల్లల చేతిపని చదువులు

సర్వసభ్య సమావేశానికి వచ్చిన పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు నమస్కారం. ముంచింగిపుట్టు, పెదబయలు వైపు నుంచి తెల్లవారకముందే జీపులెక్కి పాడేరు చేరుకున్నవాళ్లకు మరీ మరీ నమస్కారం. పది చదివిన మన పిల్లలకు చేతిపని చదువుల దారి చూపించడానికే ఈ సంఘం పెట్టుకున్నామని మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు జరిగిన పని ఇక్కడ రాశాను. కొన్ని చోట్ల కాస్త గట్టిగా మాట్లాడాల్సి వచ్చింది, పెద్దలు మరోలా అనుకోవద్దు.

ముందుగా కృతజ్ఞతలు. పది చదివిన పిల్లల జాబితా రాసుకోవడానికి ఆదివారం కూడా బడి తలుపు తీసి ఉంచిన ఆశ్రమ పాఠశాల హెడ్మాస్టారు గారికి, ఆడపిల్లల ఇళ్లకు మాతో పాటు నడిచి వచ్చిన వార్డెన్ అక్కకు, డీజిల్ డబ్బులు మాత్రమే తీసుకుని ఆరుసార్లు బండి తిప్పిన జీపు తమ్ముడికి, శిబిరం రోజు నూట యాభై మందికి వండి వడ్డించిన డ్వాక్రా సంఘం అక్కలకు, సంతలో తన కొట్టు ముందు మాకు బల్ల వేయించిన ఉప్పు చేపల మావకు, జిరాక్సులకు సగం డబ్బులే తీసుకున్న నెట్ సెంటర్ అబ్బాయికి, సెలవు పెట్టుకుని విశాఖ నుంచి వచ్చి పిల్లలతో మాట్లాడిన మన పాత ఐటీఐ కుర్రాళ్లకు సంఘం రుణపడి ఉంది. పేరుపేరునా రాయలేకపోయాను, ఎవరూ చిన్నబుచ్చుకోవద్దు.

ప్రవేశాల కాలం

పది ఫలితాలు ఏప్రిల్ 22న వచ్చాయి. ఆ వారమే మన తొమ్మిది ఊళ్లలో ఇల్లిల్లూ తిరిగి 41 మంది పిల్లల పేర్లు రాసుకున్నాం. తిరిగినప్పుడు అర్థమైంది ఏమిటంటే, పది పాసైతే ఇంటర్, ఫెయిలైతే తోటపని, ఈ రెండు దారులు తప్ప మూడోది ఉందని చాలా ఇళ్లలో తెలియదు. ఐటీఐలో వెల్డర్, ప్లంబర్, వైర్‌మన్ లాంటి ట్రేడులకు, అంటే చేతిపని కోర్సులకు, ఎనిమిదో తరగతి పాసైతే చాలన్న మాట విని, లెక్కల్లో పోయిన ఒక కుర్రాడి తల్లి "నిజంగానా బాబూ, మా వాడికీ చదువుందా?" అని నన్ను రెండుసార్లు అడిగింది. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ రెండేళ్లు, డీజిల్ మెకానిక్, కోపా అనే కంప్యూటర్ కోర్సు ఏడాది అని, ఏది చదివితే ఏ పని దొరుకుతుందో చెబుతూ పోయాం. రెండేళ్ల ట్రేడు అయ్యాక బ్రిడ్జ్ కోర్సు చేసి, పరీక్ష రాసి పాలిటెక్నిక్ డిప్లొమా రెండో ఏడాదిలో చేరవచ్చని చెబితే తండ్రుల ముఖాలు మారాయి. ఐటీఐ అంటే చదువు ఆగిపోవడమనే ఇన్నాళ్లూ అనుకున్నారు.

ఇంకో సంగతి కూడా ఉంది. మన ఏజెన్సీలో చదువంటే టీచరు ఉద్యోగమే. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ గిరిజనులకే ఇచ్చిన జీఓ 3ను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేశాక ఆ దారి ఇరుకైంది. డీఎడ్, బీఎడ్ చేసి ఇంట్లో కూర్చున్న అన్నలు, అక్కలు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ఆ జీఓ కోసం పోరాటం సాగాల్సిందే. కానీ ఈలోగా పదహారేళ్ల పిల్లలకు వేరే దారి చూపించకపోతే తప్పు మనదే అవుతుంది.

41 మందిలో 17 మంది ఐటీఐకి దరఖాస్తు చేశారు. 12 మంది చేరారు, మార్చి నాటికి 10 మంది చదువుతున్నారు. మధ్యలో మానేసిన ఇద్దరిలో ఒకరికి హాస్టల్ సీటు రాలేదు, ఇంకొకరి తండ్రికి జబ్బు చేసింది. ఇక దరఖాస్తు చేసి కూడా చేరలేకపోయిన ఐదుగురి సంగతే నాకు నిద్ర పట్టనివ్వడం లేదు. వాళ్లలో ఒక పాప ఎలక్ట్రీషియన్ చదవాలని గట్టిగా అనుకుంది. ఆధార్‌లో ఇంటిపేరు 'పాంగి' అని ఉంది, పది మెమోలో 'పంగి' అని పడింది. ఒక్క దీర్ఘం. దాని కోసం ఆ పాప, వాళ్ల నాన్న కొండ దిగి ఒక కార్యాలయానికి మూడుసార్లు వెళ్లారు. మొదటిసారి సర్వర్ లేదన్నారు, రెండోసారి సారు మీటింగుకి వెళ్లారన్నారు, మూడోసారి ఫలానా కాగితం తెమ్మన్నారు. ఆ కాగితం గురించి మొదటిరోజే చెప్పి ఉంటే పని అయిపోయేది. వెళ్లిన ప్రతిసారీ ఒక రోజు కూలి, ఇద్దరి చార్జీలు పోయాయి. మూడోసారి తిరిగి వచ్చేసరికి కౌన్సెలింగ్ తేదీ దాటిపోయింది. ఆ పాప ఇప్పుడు వాళ్ల చెల్లిని ఎత్తుకుని తోటకు వెళ్తోంది. ఈ ఏడాది మళ్లీ దరఖాస్తు చేయిస్తాం, కాగితం సిద్ధంగా ఉంది.

చదువు ఉచితం అని గోడ మీద రాస్తే సరిపోదు. ఫోన్ సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాల్సిన ఊళ్లో ఆన్‌లైన్ దరఖాస్తు ఎవరు పెడతారు? కువి, ఆదివాసీ ఒడియా భాషలు తప్ప రాని తల్లి కౌంటర్ దగ్గర ఏమని అడుగుతుంది? పిల్లాడి వెంట తెలిసినవాళ్లు ఒక్కరు నడిస్తే సీటు వస్తుంది, లేకపోతే రాదు. ఈ ఏడాది చేరిన 12 మందిలో 11 మంది వెంట మన సంఘం మనిషి వెళ్లాడు.

ఆ మనుషులు ఎంతమందో కూడా చెప్పాలి. గత సర్వసభ్య సమావేశంలో వాలంటీర్లుగా 16 మంది చేతులెత్తారు. జూన్‌లో పని మీదకు వచ్చింది నలుగురు. వానాకాలం, నాట్లు, ఇంటి పనులు అందరికీ ఉంటాయి, నాకూ ఉన్నాయి. కానీ రాలేమని ముందు చెబితే ఇంకొకరిని చూసుకునేవాళ్లం. ఆ నలుగురూ సొంత చార్జీలతో తిరిగారు, వాళ్లలో ఒకరు జ్వరంతోనే విశాఖ వెళ్లి వచ్చారు. వాళ్లకు ఈ సభ చప్పట్లు కొట్టాలని కోరుతున్నాను.

పల్పర్ల శిబిరం

ఈ ఏడాది మనందరం గర్వంగా చెప్పుకోదగ్గ పని ఇదే. సెప్టెంబరు వానలకు సీలేరు రోడ్డులో కొండచరియలు విరిగిపడ్డ రోజుల్లో, జీపులు ఆగిపోయి అందరం ఇళ్లలో కూర్చున్నప్పుడు వచ్చిన ఆలోచన. నవంబరులో కాఫీ కోత మొదలవుతుంది. కోసిన పండు ఆ రోజే పల్పర్‌లో వేసి తొక్క తీస్తే పార్చ్‌మెంట్ రేటు, అంటే తొక్క తీసి ఎండబెట్టిన గింజకిచ్చే మంచి రేటు, వస్తుంది. పల్పర్ చెడితే పండుతోనే ఎండబెట్టి తక్కువకు అమ్ముకోవాలి. అరకు కాఫీకి 2019లో జీఐ గుర్తింపు, అంటే ఆ పేరు ఈ ప్రాంతపు పంటకే చెందుతుందన్న గుర్తింపు, వచ్చింది. కానీ ఆ కాఫీ తీసే యంత్రం చెడితే బాగుచేసేవాడు ఊళ్లో లేడు. ఐటీఐ ఫిట్టర్ రెండో ఏడాది చదువుతున్న మన పిల్లలు ఇంటికొచ్చే వారం చూసుకుని, అక్టోబరు ఆఖరి ఆదివారం బడి ఆవరణలో శిబిరం పెట్టాం.

తొమ్మిది ఊళ్ల నుంచి 23 పల్పర్లు వచ్చాయి. కొన్నిటిని కావిడి కట్టి మోసుకొచ్చారు. ఒక ముసలాయన తన పల్పర్ గింజలు నరికేస్తోందని, మూడేళ్లుగా అలాగే వాడుతున్నానని చెప్పాడు. మన కుర్రాడు మూత విప్పాడు. డ్రమ్ము చుట్టూ ఉన్న రాగి రేకు మీద బొడిపెలు బాగానే ఉన్నాయి, తేడా అంతా డ్రమ్ముకీ ఎదుటి పలకకీ మధ్య సందులోనే. జేబులోంచి ఫీలర్ గేజి తీసి, సన్నని రేకులు ఒక్కొక్కటిగా ఆ సందులో దూర్చి చూశాడు. ఒక పక్క బిగుతు, ఇంకో పక్క వదులు. రెండు బోల్టులు సర్ది, మళ్లీ కొలిచి, ముందుగా పండిన చెట్ల నుంచి తెచ్చిన పండ్లు గుప్పెడు పోసి హ్యాండిల్ తిప్పమన్నాడు. తొక్క ఒక పక్క, గింజ ఒక పక్క పడింది. ముసలాయన గింజలు అరచేతిలో పోసుకుని, వేలితో ఒక్కొక్కటీ తిప్పి చూశాడు. ఒక్కటీ తెగలేదు. ఆయన ఏమీ అనలేదు, తలపాగా విప్పి మన కుర్రాడి చేతులకంటిన గ్రీజు తుడిచాడు. అది చూసి అక్కడున్న చాలామందికి కళ్లు తడిశాయి. ఆ కుర్రాడి తండ్రి కూడా ఆ గుంపులోనే ఉన్నాడు.

సాయంత్రానికి 19 యంత్రాలు పని చేశాయి. నాలుగింటికి కొత్త రాగి రేకు కావాలి. మోటారుతో నడిచే ఒకదానికి కెపాసిటర్ పోయిందని పట్టుకుని మార్చింది ఎలక్ట్రీషియన్ చదివే మన ఆడపిల్ల. ఆ రోజు చూసి వెళ్లిన తల్లిదండ్రుల్లో ఆరుగురు మా అమ్మాయినీ చేర్పించండని తర్వాత ఇంటికొచ్చి అడిగారు. శిబిరానికి పిలిచిన అధికారులు వస్తామని మాటిచ్చారు. డప్పులతో ఒంటిగంట వరకు ఎదురుచూశాం, ఎవరూ రాలేదు, రాలేమని కబురు కూడా లేదు. పిల్లలు చేసిన పనిని కళ్లతో చూసి ఉంటే బాగుండేదని బాధగా ఉంది.

స్వల్పకాలిక శిక్షణలు

గ్రామీణ యువతకు పని నేర్పడానికి 2014లో మొదలైన కేంద్ర పథకం డీడీయూ-జీకేవై లాంటి వాటిలో శిక్షణ, వసతి, భోజనం ఉచితం. ఒక సంస్థ ద్వారా మన ఊళ్ల నుంచి ఏడుగురు అమ్మాయిలు కుట్టుమిషన్ శిక్షణ పొంది వేరే రాష్ట్రంలో గార్మెంట్స్ ఫ్యాక్టరీకి వెళ్లారు. రెండు నెలలు తిరక్కుండా ఐదుగురు వెనక్కి వచ్చేశారు. భాష రాదు, తిండి పడలేదు, హాస్టల్ ఖర్చు కోసుకుంటే చేతికి మిగిలింది తక్కువ. ఉన్న ఇద్దరూ బాగానే ఉన్నారు, ఇంటికి డబ్బు పంపుతున్నారు. పథకాన్ని నేను తప్పుపట్టను. కానీ వెళ్లేముందే జీతమెంత, కోత ఎంత, ఎవరితో ఉంటారు అన్నది తల్లిదండ్రుల ముందు చెప్పించాలని కార్యవర్గం తీర్మానించింది. పైగా మన దగ్గరే పనులున్నాయి. గ్రావిటీ నీటి పైపు పగిలితే, వాల్వు పోతే బాగుచేసే మనిషి కోసం వారాలు ఆగుతున్నాం. ఆదిమ గిరిజనుల కోసం కేంద్రం పెట్టిన పీఎం జన్‌మన్ పథకం ఇళ్లకు తాపీ మేస్త్రీలు చాలడం లేదు. ప్లంబింగు, తాపీ పని నేర్చుకున్నవాడు ఊరు వదలక్కర్లేదు.

అప్రెంటిస్‌షిప్ గురించి ఒక్క మాట. విశాఖ నేవల్ డాక్‌యార్డ్ అప్రెంటిస్ నోటిఫికేషన్లలో పదిలో 50 శాతం, ఐటీఐలో 65 శాతం మార్కులు అడుగుతున్నారు. మన పిల్లలు పాసైతే చాలనుకుని చదువుతున్నారు. ఈ సంగతి మొదటి ఏడాదిలోనే చెప్పాలి, చెబుతున్నాం.

జమా ఖర్చులు

చందాలు, విరాళాలు కలిపి వచ్చినదంతా జీపు చార్జీలు, జిరాక్సులు, శిబిరం భోజనాలు, బోల్టులు, గ్రీజు కింద ఖర్చయింది. లెక్కల పుస్తకం కోశాధికారి గారి దగ్గర ఉంది, ఆడిట్ అయింది, ఎవరైనా చూడవచ్చు. చందా బాకీ ఉన్నవాళ్లు ఈ రోజే కట్టి వెళ్లండి.

వచ్చే ఏడాది పల్పర్ల శిబిరం రెండు చోట్ల పెట్టాలని, రాగి రేకులు ముందే తెప్పించాలని నిర్ణయించాం. పది ఫలితాలకు ముందే, ఫిబ్రవరిలోనే, ప్రతి పిల్లాడి ఆధార్, మెమో, కుల ధ్రువపత్రం పక్కపక్కన పెట్టి పేర్లు సరిచూడాలి. జూన్‌లో పిల్లల వెంట వెళ్లడానికి ఊరికి ఇద్దరు చొప్పున 18 మంది కావాలి. ఈసారి చేతులెత్తితే చాలదు. గుమ్మం దగ్గర బల్ల మీద కాగితం ఉంది. పేరు, ఊరు, ఏ వారం రాగలరో రాసి సంతకం చేసి వెళ్లండి.

ఇట్లు,
కార్యదర్శి