ఆస్కార్ వేదికపై అందరికీ ఒకే గడియారం ఉండాలి
ఆస్కార్ వేడుకలో సాంకేతిక నిపుణులు మైకు ముందు నోరు తెరిచారో లేదో, వాళ్లను వేదిక దింపేయడానికి సంగీతం అందుకోవడం ఇకనైనా ఆపాలి. విజేతకు ఇచ్చే సమయం 45 సెకన్లు. సౌండ్, విజువల్ ఎఫెక్ట్స్ లాంటి విభాగాల్లో నలుగురైదుగురు కలిసి వేదికెక్కుతారు. మొదటి వ్యక్తి మడత కాగితం విప్పి పేర్లు చదివేసరికే గడువు అయిపోతుంది. రెండో వ్యక్తి మైకు వైపు వంగుతుండగానే సంగీతం పెరుగుతుంది, కెమెరా వెనక్కి వెళ్లిపోతుంది. పెద్ద నటులకు ఈ టెన్షన్ లేదు. 2025లో ఉత్తమ నటుడు ఏడ్రియన్ బ్రోడీ ఐదు నిమిషాలకు పైగా మాట్లాడారు, సంగీతం మొదలైతే ఆపమని ఆయనే అన్నారు, ఆపారు కూడా! సమయం కలిసొస్తుందని 2022లో ఎడిటింగ్, సౌండ్ సహా 8 అవార్డులను ప్రత్యక్ష ప్రసారానికి ముందే ఇచ్చేశారు. అయినా కార్యక్రమం మూడున్నర గంటలు దాటింది. విమర్శలు రావడంతో మరుసటి ఏడాది వాటిని మళ్లీ ప్రత్యక్ష ప్రసారంలోకి తెచ్చారు. అంటే సమయం తినేస్తున్నది ఎడిటర్లు కాదు, అవార్డు ప్రకటించడానికి వచ్చిన జంటలు కాగితం చూసి చెప్పే, ఎవరికీ నవ్వు రాని జోకులు. ముందు వాటిని కత్తిరించాలి. కృతజ్ఞతలు చెప్పాల్సిన పేర్లను తెర కింద నడిపించే పద్ధతిని 2016లో ప్రయత్నించారు, దాన్ని మళ్లీ తేవాలి. ఉమ్మడి అవార్డులో ప్రతి ఒక్కరికీ కనీసం 30 సెకన్లు కేటాయించాలి. గడువు దాటితే సంగీతం వినిపించాల్సిందే అనుకుంటే, ఉత్తమ నటుడికీ అదే వినిపించాలి.