బుజ్జికి, దావా కొట్టేయమన్న మోషన్ గురించి

చి. బుజ్జికి,

నాన్న ఆశీస్సులు. రావలసిన బాకీ కోసం నువ్వు వేసిన దావాని కొట్టేయమని అవతలి కంపెనీ కోర్టులో మోషన్, అంటే అర్జీ, వేసిందని రాత్రి ఫోన్లో ఏడ్చావు. పంపిన కాగితాలన్నీ పొద్దున్నే కూర్చుని చదివాను. కేసు పోలేదు తల్లీ, అసలు ఇంకా విచారణకే రాలేదు.

అమెరికా ఫెడరల్ కోర్టుల్లో వాళ్లు ఈ మోషన్ వేసిన రూల్ 12(బి)(6) అంటే, నేను కాకినాడ కోర్టులో ఇన్నేళ్లు వాదించిన మన సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 7 రూల్ 11కి దగ్గరి చుట్టం. ఎవరిది నిజమో జడ్జి ఇప్పుడు తేల్చడు. నువ్వు రాసిన సంగతులన్నీ నిజమేననుకుని, అప్పుడైనా నీకు రావలసింది ఉందా అని చూస్తాడు. నువ్వు అబద్ధాలాడుతున్నావని వాళ్ల లాయరు రాసిన పేజీలకు ఈ దశలో విలువ లేదు.

నన్ను కలవరపెట్టింది నీ ప్లెయింటే, అంటే నువ్వు కోర్టులో వేసిన దావా కాగితమే. పద్నాలుగో పేరాలో 'ప్రతివాది ఒప్పందం ఉల్లంఘించాడు' అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. ఏ క్లాజు? ఏ నెల బిల్లు? ఎంత బాకీ? అక్కడి సుప్రీంకోర్టు నుంచి 2007లో ట్వాంబ్లీ, 2009లో ఇక్బాల్ కేసుల తీర్పులు వచ్చాక అక్కడ ఉత్తి మాట నిలవదు, నమ్మదగ్గ సంగతులు ఉండాలి. నీ దగ్గర లేకనా? ఇన్‌వాయిస్ అందిన 30 రోజుల్లో డబ్బు కట్టాలని ఆరో క్లాజులో ఉంది. పని బాగుందని వాళ్ల మేనేజరు రాసిన ఈమెయిల్ ఉంది. సరుకంతా ఇంట్లో పెట్టి ఖాళీ బండి సంతకు తోలినట్టుంది. ఆ ఈమెయిల్‌ని మోషన్‌కిచ్చే జవాబులో గుచ్చితే ప్రయోజనం ఉండదు, జడ్జి చూసేది ప్లెయింటునీ దానికి జతపరిచినవాటినీ. ఇంతవరకు సవరించలేదు కాబట్టి, మోషన్ అందిన 21 రోజుల్లోపు ఎవరి అనుమతీ అక్కర్లేకుండా ఒకసారి సవరించుకోమంటోంది రూల్ 15. కోపంతో జవాబు రాయించకు, ప్లెయింటు తిరగరాయించు.

ఇంకొకటి. మీ రెండు కంపెనీలూ ఎల్‌ఎల్‌సీలే, అంటే భాగస్వాముల బాధ్యత పరిమితంగా ఉండే కంపెనీలే. రాష్ట్రాలు వేరన్న ఆధారంతో ఫెడరల్ కోర్టుకి వెళ్లాలంటే బాకీ 75,000 డాలర్లు దాటాలి, దాటింది. కానీ ఎల్‌ఎల్‌సీ ఎక్కడ రిజిస్టరైందన్నది లెక్కలోకి రాదు, అందులోని ప్రతి భాగస్వామీ ఏ రాష్ట్రం పౌరుడో అదే లెక్క. అటువైపు ఒక్కడు మీ న్యూజెర్సీవాడైనా ఆ కోర్టుకి అధికారం ఉండదు. అలా కొట్టేసినా బాకీ పోదు, స్టేట్ కోర్టులో మళ్లీ వేసుకోవచ్చు. అయినా ఏడాది గడిచాక తెలిసేకన్నా ఇప్పుడే తెలియడం మేలు. వాళ్ల భాగస్వాములెవరో మీ లాయరుని ఈరోజే కనుక్కోమను. మోషన్ ఏ తేదీన అందిందో నాకు మెసేజ్ పెట్టు.

మీ నాన్న