ఖిలా వరంగల్‌ల ఒక్క లెక్కల క్లాస్ పెట్టండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ పేపర్ల విద్యార్థుల పేజీ చూస్తుంటా, లెక్కలంటే పరీక్షల ముందు ఇంపార్టెంట్ ప్రశ్నలే ఎక్కువ వస్తున్నయి, అందుకే రాస్తున్న. హన్మకొండల హైస్కూల్ పిల్లలకు లెక్కలు చెప్తా. కోణాలు, నిరూపకాలు (ఒక చోటు ఎక్కడుందో చెప్పే అంకెల జత) మొదలుపెట్టే తీరు మార్చాలని నా కోరిక.

కోణాలు అనంగనే కోణమానిని చేతికిచ్చి కొలవమంటరు. దాని మీద అంకెలు రెండు వరుసలుంటయి, ఒకటి ఎడమ నుంచి ఇంకోటి కుడి నుంచి, ఏది చదవాల్నో తెల్వక 60 ఉన్నకాడ 120 రాస్తరు. గీతలు పొడుగ్గ ఉంటే కోణం పెద్దదనుకునే పిల్లలు ఎనిమిదో తరగతిల కూడా ఉన్నరు. ఎంత తిరిగినమో చెప్పే కొలతే కోణం అని వాళ్లను నిలబెట్టి ఎవరూ చూపియ్యలే. తూర్పుకు మొఖం పెట్టి నిలబడి ఎడమకు తిరిగితే ఉత్తరం కాడ 90, పడమర 180, దక్షిణం 270, మళ్ల తూర్పుకొస్తే 360, అయిదు నిమిషాల పని. 360 ఏంది సార్, 100 ఎందుకు పెట్టలే అని అడుగుతరు, మంచి ప్రశ్న. బాబిలోనియా వాళ్లు 60తోని లెక్కపెట్టేటోళ్లు, అక్కడినుంచి వచ్చింది, పైగా 360ని 2, 3, 4, 5, 6, 8, 9, 10 దేనితోనైనా శేషం లేకుండా భాగించొచ్చు.

ఇగ నిరూపకాలు. బోర్డు మీద రెండు అక్షాలు, అంటే అడ్డం గీత, నిలువు గీత గీసి, వాటితోని అయ్యే నాలుగు భాగాలల్ల (పాదాలల్ల) ఏ పాదంల ప్లస్సు, ఏ పాదంల మైనస్సు అని బట్టీ పట్టిస్తరు. మనకు ఖిలా వరంగల్ ఉంది కదా! కాకతీయుల కీర్తి తోరణాలు నాలుగు దిక్కులకు నాలుగు, నడుమ స్వయంభూ గుడి శిథిలాలు. ఆ నడుమనే మూలబిందువు అనుకోని ఎదురెదురు తోరణాలను కలిపితే అవే రెండు అక్షాలు. నడుమ నుంచి తూర్పుకు 20 అంగలు, ఉత్తరానికి 15 అంగలు వేసిన పిల్ల (20, 15) కాడ ఉన్నట్టు, ఇంకో పిల్ల (15, 20) అని పోతే వేరే చోట తేలుతది, అంకెల వరుస ఎందుకు మార్చొద్దో ఇద్దరికీ అక్కడ్నే అర్థమైతది. పడమరకు పోతే (-20, 15), మైనస్ అంటే ఎదురు దిక్కు. మొదటి పిల్లను మూలబిందువు కాడికి నేరుగా రమ్మంటే 25 అంగలు, పైథాగరస్ సిద్ధాంతం, పదో తరగతి దూరం ఫార్ములా రెండూ అందులనే ఉన్నయి. రాళ్ల మీద చాక్‌పీస్ గీతలు మాత్రం పెట్టనీయొద్దు. దూరపు ఊర్ల బడులకు ఆటస్థలం చాలు, దిక్కులు అక్కడా అవే.

ఫోన్ కూడా పనికొస్తది. మ్యాప్‌ల మన వరంగల్ సుమారు 18, 79.6 అని చూపిస్తది. ఇందుల మొదటి అంకె ఉత్తర దక్షిణాలది, లెక్కల పుస్తకంల మొదటిది అడ్డం అక్షానిది, ఈ తేడా ముందే చెప్పకపోతే పిల్లలు గందరగోళపడ్తరు. ఆ 18 కూడా కోణమే, భూమి నడిమధ్య నుంచి చూస్తే భూమధ్యరేఖకు ఉత్తరంగ 18 డిగ్రీల మీద మనం ఉన్నం, అంటే కోణాలతోనే ఊరి అడ్రస్ చెప్తున్నరు! ఫోన్ల దిక్సూచేమో ఉత్తరం నుంచి కుడికి లెక్కపెడ్తది, అందుకే తూర్పు 90 అంటది. ఎక్కడ మొదలుపెట్టాలె, ఎటు తిరగాలె అనేది మనుషులు పెట్టుకున్న ఒప్పందమని అప్పుడు చెప్పొచ్చు.

ఆరు నుంచి తొమ్మిది దాకా పిల్లలకు ఏడాదికి ఒక్క క్లాసన్నా ఇట్ల బయట పెట్టాలని విద్యాశాఖ అధికారులను అడుగుతున్న. మీరు కూడా ఆ పేజీల వారానికొక చిన్న పని ఇయ్యండి. మొదటి వారం ఇది వెయ్యండి: మూడున్నరకు గడియారంల రెండు ముళ్ల నడుమ కోణం ఎంత? చాలామంది 90 అంటరు, కానీ చిన్నముల్లు అప్పటికే మూడు దాటి నాలుగుకు సగం దూరం పోయి ఉంటది, కాబట్టి 75.

ఇట్లు
ఒక లెక్కల టీచర్, హన్మకొండ